నెప్ట్యూన్ నిలబడిన చోటు

పొద్దున్నే ఆ మాట అనకపోతే ఈ కథే లేదు. కానీ ఒక చేత్తో టిఫిన్ డబ్బా మూత నొక్కుతూ, ఇంకో చేత్తో జుట్టు ముడేసుకుంటూ, మోకాలితో తలుపు తోస్తున్న మనిషి ఆచితూచి మాట్లాడాలంటే ఎలా? టీచరమ్మ కూడా అలా మాట్లాడలేకపోయింది.

"నీ నెప్ట్యూన్‌ని నువ్వే మోసుకుపోయి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకో! నా ప్రాణం తోడెయ్యకు!" అంది కూతురితో.

కూతురికి తొమ్మిదేళ్ళు. మనిషి ఇంత, ఘాటు అంత. అందుకే ఇంట్లోవాళ్ళూ వీధిలోవాళ్ళూ మిరియం అనే పిలుస్తారు. మిరియం ఆ మాట విని ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. "సరే," అంది. ఆ పిల్ల నోట "సరే" అన్న మాట రావడమే వింత. అప్పుడే టీచరమ్మకి అనుమానం రావలసింది. రాలేదు. బస్సు టైమైపోతోంది.

ఆ రోజు స్కూల్లో సైన్సు ఎగ్జిబిషన్. టీచరమ్మ అక్కడ సైన్సు చెబుతుంది. పుస్తకంలో సౌరకుటుంబం బొమ్మ చూస్తే ఆవిడకి ఒళ్ళు మండిపోతుంది. సిటీ బస్సులో జనంలా గ్రహాలన్నీ ఒకదాన్నొకటి రాసుకుంటూ నిలబడి ఉంటాయి. "ఇంతకంటే పచ్చి అబద్ధం ఉంటుందా? అక్కడ ఉన్నదంతా ఖాళీయే కదా! ఆ ఖాళీని ఎత్తేసి మిగతాది అచ్చేస్తారా?" అని ఏటా విసుక్కుంటుంది. ఈ ఏడు విసుక్కోవడం మానేసి, ఆ ఖాళీని పిల్లల కళ్ళకి చూపించి తీరతానని పట్టుబట్టింది.

నిజంలో వంద కోట్ల మీటర్లయితే ఇక్కడ ఒక మీటరు. ఆ లెక్కన సూర్యుడు ఆవిడ భుజం దాకా వచ్చాడు. ఆవిడ తమ్ముడు షాపుల బోర్డులు రాసే పెయింటరు. అతనే ఇనప చువ్వలతో చట్రం కట్టి, పసుపు గుడ్డ తొడిగి, లోపల పెద్ద ఫోకస్ లైట్లు పెట్టి, ఆ సూర్యుణ్ణి మూడంతస్తుల స్కూలు డాబా మీద కూర్చోబెట్టాడు. భూమి గోళీకాయంత. దాని చోటు మెయిన్ రోడ్డు మీద టైలరు కొట్టు ముందు. గురుడు కర్బూజకాయంత, బస్టాపు దగ్గర. శని రైలుగేటు దగ్గర. "ఇన్నాళ్ళూ నాకున్న శని చాలదనా తల్లీ, ఇంకోణ్ణి పంపిస్తున్నారు?" అన్నాడు గేటుమాన్, చోటు చూడ్డానికి వెళ్ళిన టీచరమ్మతో.

గ్రహానికో పిల్ల. మధ్యాహ్నం రెండింటికి ముఖ్య అతిథి స్విచ్చి నొక్కితే సూర్యుడు వెలుగుతాడు. అసలు సూర్యుడి వెలుగు అసలు భూమికి చేరడానికి ఎనిమిది నిమిషాలు పడుతుంది కాబట్టి, భూమిని పట్టుకున్న పిల్ల ఎనిమిది నిమిషాలు కదలకుండా నిలబడి, అప్పుడు గోళీని తలమీదికి ఎత్తుతుంది. గురుణ్ణి పట్టుకున్న పిల్లాడు ముప్పావుగంట ఆగాలి. తన వెలుగు తనకి చేరేదాకా ఎవరూ ఎత్తకూడదు, కదలకూడదు. రిహార్సల్స్‌లో టీచరమ్మ పిల్లల్ని గ్రహాల పేర్లతోనే కేకలేసేది. "భూమీ, నిటారుగా నిలబడు! శనీ, ఆ నవ్వేంటి! ఎవరి చోట వాళ్ళు ఉండండి!"

ఇంకో నియమం కూడా ఉంది. నిలబడిన చోటి నుంచి డాబా మీది సూర్యుడు కనబడాలి. "సూర్యుడు కనబడని చోట నిలబడితే అది గ్రహం కాదు, దిక్కులేని రాయి," అని పదేపదే చెప్పింది. మెయిన్ రోడ్డు రైలుగేటు దాకా గీత గీసినట్టు ఉంటుంది కనక అక్కడిదాకా బాధలేదు.

కన్నకూతురికి భూమినిస్తే నలుగురూ నాలుగు మాటలంటారని, ఎవరూ అడగని నెప్ట్యూన్‌ని మిరియానికి అంటగట్టింది. నిమ్మకాయంత నీలం బంతి. చోటు నాలుగున్నర కిలోమీటర్ల అవతల. వెలుగు చేరడానికి నాలుగు గంటల పది నిమిషాలు. మొదట మిరియం మూతి ముడిచింది. కానీ దాని కథ విన్నాక ఇక ఆ బంతిని పక్కలో పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది.

"అంటే అమ్మా, దాన్ని ఎవరూ చూడకముందే కనుక్కున్నారా?"

"అవును. యురేనస్ నడక కాస్త తేడాగా ఉంది. అవతల ఇంకెవరో దాన్ని లాగుతున్నారన్నమాట అనుకున్నారు. లెక్కేశారు. లెక్క చెప్పిన వైపు దుర్భిణీ తిప్పితే, ఉంది."

"మా అక్క కూడా అంతే," అన్నాడు పెయింటరు మావయ్య. "నేను డబ్బాలో దాచుకున్న బిస్కట్లు చూడకుండానే కనుక్కుంటుంది."

తీరా ఎగ్జిబిషన్ రెండు రోజులుందనగా హెడ్మాస్టరు అడ్డం తిరిగాడు. పిల్లల్ని రైలుగేటు దాటి పంపితే తల్లిదండ్రులకి తను జవాబు చెప్పుకోలేనన్నాడు. మాట న్యాయమైనదే. టీచరమ్మ ఒప్పుకుంది. యురేనస్, నెప్ట్యూన్ అట్టపెట్టెలోనే ఉండిపోతాయంది. అప్పటినుంచి మిరియం ఆవిడ చెవిలో జోరీగలా ఒకటే రొద. ఆ రొద పడలేకే పొద్దున్న ఆ మాట జారింది.

ఎగ్జిబిషన్ బ్రహ్మాండంగా జరిగింది. టైలరు మిషను ఆపి మరీ బయటికొచ్చి భూమికి చప్పట్లు కొట్టాడు. శనిని పట్టుకున్న పిల్లాడు గంటా ఇరవై నిమిషాలు రైలుగేటు దగ్గర బుద్ధిగా నిలబడ్డాడని విని వాళ్ళమ్మే నమ్మలేదు. నాలుగు దాటాక గ్రహాలన్నీ స్కూలుకి తిరిగొచ్చాయి. టీచరమ్మ నవ్వుతూ ఒక్కొక్కదాన్నే అట్టపెట్టెలో సర్దుతోంది. యురేనస్ ఉంది. దాని పక్కన నెప్ట్యూన్ గుంట ఖాళీగా ఉంది.

మొదట కోపమే వచ్చింది. "ఎక్కడ తగలేసిందో చూడు ఈ పిల్ల!" అనుకుంటూ మిరియం క్లాసుకి వెళ్ళింది. క్లాసులో లేదు. నీళ్ళ పంపు దగ్గర లేదు. ప్రాణస్నేహితురాలిని అడిగితే, "రెండింటికి లైటు వెయ్యగానే వెళ్ళిపోయింది టీచర్, మీరు పంపించారంది," అని చెప్పింది.

పొద్దున తనన్న మాట, దానికి ఆ పిల్ల "సరే" అనడం, రెండూ ఒకేసారి టీచరమ్మ చెవిలో మోగాయి.

తమ్ముడికి చెప్పింది. అతను ఇంకో మాట అడక్కుండా స్కూటరు తీశాడు. మెయిన్ రోడ్డు పట్టుకుని, రైలుగేటు దాటి, మీటరు చూసుకుంటూ నాలుగున్నర కిలోమీటర్లు పోయాడు. అక్కడ ఒక పెట్రోలు బంకు ఉంది. బంకులో అడిగాడు, ముందూ వెనకా అడిగాడు, దారిలో ఇల్లూ చూసుకుని వచ్చాడు. ఇంటికి తాళం వేసినట్టే ఉంది. దారి పొడుగునా అందరూ ఒకటే మాట చెప్పారట: చేతిలో బంతి పట్టుకుని నిలబడ్డ పిల్లలు ఈ రోజు ఊరంతా ఉన్నారు బాబూ, అందులో ఏ పిల్లని చూశామని చెప్పమంటావు?

"అక్కా, లేదే," అన్నాడు. ఎప్పుడూ ఏదో ఒక వెటకారం లేకుండా నోరు విప్పని మనిషి రెండే రెండు మాటలు అనేసరికి టీచరమ్మ హెడ్మాస్టరు గదికి పరిగెత్తింది. మిరియం తండ్రి పనిమీద వేరే ఊళ్ళో ఉన్నాడు. అతనికి ఫోను చెయ్యడానికి చెయ్యి రాలేదు. హెడ్మాస్టరు పోలీసులకి చేశాడు. మనుషుల్ని పంపుతామన్నారు.

ఎటు పంపుతారు?

అప్పుడు తట్టింది ఆవిడకి. మెయిన్ రోడ్డు మీదే ఎందుకుంటుంది? గ్రహాలు ఎన్నడూ ఒకే వరసలో నిలబడవని, మన సౌకర్యం కోసం ఒక రోడ్డు మీద పెడుతున్నామే గానీ ఎవరి చుట్టు వాళ్ళు తిరుగుతూ ఎవరి దిక్కున వాళ్ళు ఉంటారని, ఆ పిల్లకి చెప్పింది ఎవరు? తనే. స్టాఫ్ రూము గోడ మీద ఊరి మ్యాపు ఉంది. నెల కిందట దాని మీద దారంతో గుండ్రాలు గీసినప్పుడు, స్కూలున్న చోట దారం కొస నొక్కి పట్టుకుంది కూడా మిరియమే.

ఆవిడ మ్యాపు ముందుకెళ్ళి నిలబడింది. అన్నిటికంటే పెద్ద గుండ్రం మ్యాపు అంచులు తాకుతూ పోతోంది. ఒకచోట పెట్రోలు బంకు. ఒకచోట ఏటి వంతెన. ఒకచోట కరెంటు సబ్‌స్టేషను. ఒకచోట లారీలు తిరిగే బైపాసు. ఇంకోచోట పాత రాతి క్వారీ. అడక్కుండానే బుర్ర లెక్క కట్టేసింది: చుట్టుకొలత ఇరవై ఎనిమిది కిలోమీటర్లు. ఆ ఇరవై ఎనిమిదిలో ఎక్కడో నిమ్మకాయంత బంతి పట్టుకుని గజం మనిషి ఉంది.

"నెప్ట్యూన్ దాకా మధ్యలో ఏముంటుంది పిల్లలూ?" అని అడిగి, "ఏమీ ఉండదు! ఏమీ లేకపోవడమే అన్నిటికంటే ఎక్కువ!" అని తనే జవాబు చెప్పేది క్లాసులో. గొప్పగా చెప్పేది. పిల్లలు నోళ్ళు తెరిచి వింటుంటే ఎంత సంబరంగా ఉండేదో. ఇప్పుడు ఆ ఖాళీ వచ్చి ఆవిడ కడుపులో కూర్చుంది.

"అక్కా, ముందు వంతెనకి పోతాను. ఏరు గుర్తొస్తేనే నాకు భయంగా ఉంది," అన్నాడు తమ్ముడు.

"ఆగు," అంది. "వంతెన మీద నిలబడితే సూర్యుడు కనబడతాడా?"

"ఈ గోలలో సూర్యుడేంటే!"

"మన సూర్యుడు రా! సూర్యుడు కనబడని చోట అది చచ్చినా నిలబడదు. వంద సార్లు చెప్పాను దానికి."

మెట్లు రెండేసి చొప్పున ఎక్కి డాబా మీదికి పోయింది. వెనకాలే తమ్ముడు, ఆయాసపడుతూ హెడ్మాస్టరు. చలికాలం, పైగా మబ్బు. ఆరు కాకముందే చీకట్లు ముసురుకుంటున్నాయి. పసుపు సూర్యుడు ఇంకా వెలుగుతూనే ఉన్నాడు. బాగుందని, కాసేపు ఉంచమని హెడ్మాస్టరే చెప్పాడు. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి ఫోటోలు తీసుకుంటున్నారు.

ఇక్కడి నుంచి మనకి కనబడే చోటికే మనమూ కనబడతాం. అంతే లెక్క. ఆవిడ సూర్యుడికి వీపు ఆనించి చుట్టూ తిరిగి చూసింది. ఒకవైపు అపార్టుమెంట్లు ఆకాశం దాకా. వాటి వెనక వంతెన ఉంటే ఎంత, లేకుంటే ఎంత. ఇంకోవైపు గోదాముల రేకులు. మూడోవైపు మెయిన్ రోడ్డు, గేటు దాటగానే మలుపు తిరిగిపోయింది. అందుకే పెట్రోలు బంకులో దొరకలేదు. నాలుగోవైపు, ఇళ్ళ మధ్య సందులోంచి, బూడిదరంగు ఆకాశం మీద నల్లగా ఒక మొండెం.

సగంకొండ.

అది ఒకప్పుడు నిండు కొండే. ముప్పై ఏళ్ళు క్వారీవాళ్ళు రాయి కొట్టుకుపోతే సగం మిగిలింది. వెనక వైపు మామూలు వాలు, లారీలు ఎక్కిన మట్టిదారి. ముందు వైపు, అంటే ఊరి వైపు, కత్తితో కేకు కోసినట్టు నిలువుగా తెగి ఉంటుంది. కింద గొయ్యి, గొయ్యి నిండా నీళ్ళు. క్వారీ మూతపడి చాలా కాలమైంది. కంచె లేదు, కాపలా లేదు.

"అమ్మో," అన్నాడు తమ్ముడు. అతనికీ అర్థమైంది. మరుక్షణం ముఖం విప్పారింది. "పోన్లే అక్కా, లైటు వెలుగుతోందిగా! చీకటిపడ్డా దారి తెలుస్తుంది. ఇటే చూసుకుంటూ వచ్చేస్తుంది."

టీచరమ్మ ఆ మాట దగ్గరే ఆగిపోయింది. ఇటే చూసుకుంటూ వచ్చేస్తుంది. కాళ్ళ కింద చూసుకోదు. నాలుగు గంటల పది నిమిషాలు. రెండింటికి స్విచ్చి నొక్కారు. ఆరూ పదికి దాని వెలుగు దానికి చేరుతుంది. మొండిఘటం, అప్పటిదాకా కదలదు. అప్పుడు బంతి ఎత్తుతుంది. ఎత్తాక ఇంటికి బయల్దేరుతుంది, వెలుగు కనబడే వైపు, తిన్నగా.

"ఆర్పెయ్," అంది.

"ఏంటీ?"

"సూర్యుణ్ణి ఆర్పెయ్ రా!"

హెడ్మాస్టరు అడ్డొచ్చాడు. "టీచర్ గారూ, మీరు కంగారులో ఉన్నారు. పిల్ల తప్పిపోతే దీపం పెడతారు గానీ ఆర్పుతారా ఎక్కడైనా? చీకట్లో ఆ కొండమీద పసిపిల్ల గుండె ఆగిపోదూ?"

ఆయన అన్నదీ నిజమే. అదే ఆవిడ ప్రాణం తీస్తోంది. ఆర్పేస్తే పిల్ల భయపడి ఎటో ఒకటు పరిగెత్తవచ్చు. ఆర్పకపోతే తిన్నగా నడుస్తుంది. అసలు కొండమీదే లేకపోతే? ఇంకెక్కడో ఉండి, ఈ దీపం ఒక్కటే దానికి దారి అయితే? ఏది చేసినా తన చేతుల్తోనే చెయ్యాలి. ఇంత భయం ఆవిడ పుట్టి బుద్ధెరిగాక ఎరగదు. తమ్ముడు స్విచ్చి బోర్డు ముందు నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. వాడికి చెయ్యి రాలేదు. ఆవిడే వాణ్ణి పక్కకి తోసి స్విచ్చి లాగేసింది.

సూర్యుడు ఆరిపోయాడు. కింద రోడ్డు మీద ఎవరో "అయ్యో" అన్నారు.

స్కూటరు మీద ఆవిడ తమ్ముడి భుజం ఎముక నొప్పెట్టేలా పట్టుకుంది. దుకాణాలన్నీ దీపాలు వేసుకుంటున్నాయి. కూరగాయల బండి దగ్గర ఎవరో పగలబడి నవ్వుతున్నారు. జనం ఎలా నవ్వగలుగుతున్నారో ఆవిడకి అర్థం కాలేదు. ఇళ్ళు అయిపోయాయి. వీధి దీపాలు అయిపోయాయి. ఇక ఎటు చూసినా బీడు. ఎదురుగా సగంకొండ పెద్దదవుతోంది. రోడ్డు సరిగ్గా ఆ తెగిన ముఖం ముందునుంచే పోయి, చుట్టు తిరిగి వెనక మట్టిదారిలో కలుస్తుంది.

"లైటార్పు," అంది.

"అక్కా, గుంతలే ఇదంతా!"

"పైనుంచి నీ లైటు కనబడితే దీని వైపే వస్తుంది రా! ఆర్పు!"

ఆర్పాడు. స్కూటరు చీకట్లో తడుముకుంటూ ఎగిరెగిరి పోయింది. కొండ కిందికి వచ్చేసరికి అతను ఉండబట్టలేక "మిరి..." అని అరవబోయాడు. ఆవిడ వెనకనుంచి చేత్తో అతని నోరు మూసేసింది. కింద నుంచి పిలిచినా కిందికే వస్తుంది. ఎడమపక్క గొయ్యిలో నీళ్ళు కప్పల శబ్దంతో పడి ఉన్నాయి. ఆ నీళ్ళ వైపు చూడకూడదనుకుంది. చూసింది. నల్లగా ఉన్నాయి, ఏమీ కనబడలేదు. ఏమీ కనబడకపోవడం మంచిదో చెడ్డదో తెలియలేదు.

వాచీలో ఆరూ పది దాటిపోయింది. ఆవిడ ఆ ముళ్ళ వైపు ఇంకోసారి చూడలేదు.

మట్టిదారిలో కొంతదూరం పోయాక స్కూటరు మొరాయించింది. దిగి పరుగు. చెప్పు తెగింది. చెప్పుల్లేకుండానే ఎక్కింది. ఒక కంకరరాయి అరికాల్లో దిగింది, అదీ తెలియలేదు. పైకి చేరేసరికి గాలి ఒకటే ఈల. చదునైన బండ, మధ్యమధ్య గడ్డి దుబ్బులు. ఇప్పుడు పిలవచ్చు. వెనకవైపు నుంచి పిలిస్తే వెనక్కే వస్తుంది.

"మిరియం!"

జవాబు లేదు.

"మిరియం! అమ్మా!"

గాలి తప్ప ఏమీ లేదు. టీచరమ్మ స్కూటరులోంచి తెచ్చుకున్న టార్చి వేసింది. ఆ వెలుగు బండ మీద పిచ్చిగా గంతులేసింది. గడ్డి, రాయి, రాయి, తాగి పారేసిన సీసా, రాయి. ఆ తర్వాత చాలా ముందు, ఒక చిన్న వీపు. రెండు జడలు. అటు తిరిగి, మోకాళ్ళు పొట్టలో ముడుచుకుని కూర్చుంది.

అరవాలనుకున్న పేరు గొంతులోనే నొక్కేసుకుంది. ఉలిక్కిపడితే? లేచి పరిగెత్తబోతే? తమ్ముడి చెయ్యి పట్టి ఆపేసి, ఊపిరి బిగబట్టి, రిహార్సల్స్‌లో కేకలేసే గొంతుతో అంది:

"నెప్ట్యూన్! ఉన్న చోటే ఉండు. కదలకు."

ఆ వీపు నిటారైంది. అలవాటు అలాంటిది. కదల్లేదు.

టీచరమ్మ ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళి, వెనకనుంచి రెండు చేతులూ చుట్టేసి, పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. అక్కడే కూలబడింది. పిల్ల ఒళ్ళు చల్లగా ఉంది. బుగ్గలు ఉప్పగా ఉన్నాయి. నీలం బంతి ఇంకా పిడికిట్లోనే ఉంది.

"సూర్యుణ్ణి ఎవరు ఆర్పేశారు?" అంది మిరియం వెక్కుతూ. అది భయం కాదు, రోషం.

"నేనేనే తల్లీ."

"ఎందుకార్పావ్? నేనింకా ఎత్తనే లేదు!"

"నీ టైము దాకా కూర్చుని ఉంటావనుకున్నా. ఆరూ పది దాకా."

"నా దగ్గర వాచీ ఏదీ? టైమెలా తెలుస్తుంది?" అంది మిరియం, ఇదేం ప్రశ్న అన్నట్టు. "చీకటి పడుతోంటే టైమైపోయిందేమో అనుకున్నా. ఇక్కడ నుంచి చిన్న చుక్కలా ఉన్నాడు, బాగా కనబడాలి కదా, ఇంకొంచెం దగ్గరికెళ్ళి ఎత్తుదామని నడుస్తున్నా. నడుస్తూ ఉంటే ఠప్పున ఆరిపోయాడు. ఎటెళ్ళాలో తెలీలేదు. కోపమొచ్చి కూచున్నా."

పెయింటరు మావయ్య టార్చి తీసుకుని ముందుకి వేశాడు. వెలుగు పిల్ల కాళ్ళ ముందు బండ మీద నాలుగడుగులు పాకింది. ఆ తర్వాత దేని మీదా పడలేదు. ఎంతో కింద నీళ్ళలో కప్ప ఒకటి అరిచింది.

అతను టార్చి వెంటనే దించేశాడు. టీచరమ్మ మాత్రం చూసేసింది. వాచీ లేని పిల్ల ఆరూ పది దాకా ఆగుతుందని లెక్క కట్టుకుని, ఆ లెక్క మీద ధైర్యం పెట్టుకుని వచ్చింది తను. స్విచ్చి దగ్గర ఇంకో నిమిషం హెడ్మాస్టరుతో వాదిస్తూ నిలబడి ఉంటే? ఆ తర్వాతది ఊహించడానికి బుర్ర ఒప్పుకోలేదు. పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

"అమ్మా, నువ్వెందుకు వణుకుతున్నావ్?"

"చలేస్తోంది."

"మరి నేనిక్కడున్నానని ఎట్లా తెలిసింది? స్కూల్నుంచి నేను కనబడనుగా."

"కనబడవు."

"మరి?"

"లెక్కేశాను."

మిరియం ఆ జవాబుని కాసేపు నమిలింది. బాగానే నచ్చినట్టుంది. ముక్కు చీదుకుని, "అయితే ఒక్కసారి వెలిగించమను. ఎత్తేసి వచ్చేస్తా. నాకొక్కదానికే మిగిలిపోయింది," అంది.

"నీకేమైనా పిచ్చా?" అన్నాడు మావయ్య. "కిందికి పద ముందు, నీ నెప్ట్యూన్‌ని నలిపి రంగు డబ్బాలో కలిపేస్తా!"

టీచరమ్మ మాత్రం, ఎందుకో ఆవిడకే తెలియదు, "ఫోన్ చెయ్ రా," అంది. పిల్లని అంచుకి దూరంగా, బండ మధ్యలోకి ఈడ్చుకొచ్చింది. మోకాళ్ళ మీద కూర్చుని, దాని నడుం చుట్టూ రెండు చేతులూ వేసి, వేళ్ళలో వేళ్ళు బిగించింది. తమ్ముడు హెడ్మాస్టరుతో పిల్ల దొరికిందని చెప్పాడు. అవతల ఆయన ఏడుస్తున్నట్టు వినిపించింది. తరవాత, స్విచ్చి వెయ్యమన్నాడు తమ్ముడు.

ఊరి దీపాల గుంపు మీద, కాస్త ఎత్తున, ఒక పసుపు చుక్క వెలిగింది. నిలబడితే తన భుజం దాకా వచ్చే సూర్యుడు. సూదిమొనంత ఉన్నాడు. ఇన్నేళ్ళుగా ఆ దూరం పాఠం చెబుతోంది. అది ఇంత అని ఆవిడకి ఇప్పుడు తెలిసింది. మిరియం నీలం బంతిని రెండు చేతుల్తో తలమీదికి ఎత్తి పట్టుకుంది.

ఆ చుక్క ఎంత దగ్గరగా, ఎంత చల్లగా పిలుస్తున్నట్టుందంటే, మధ్యలో ఏమీ లేనట్టే ఉంది. ఒక్క క్షణం టీచరమ్మకే లేచి అటు నడవాలనిపించింది. వేళ్ళు ఇంకా గట్టిగా బిగించి, "చాలు, ఇక ఆర్పమను," అంది తమ్ముడితో.